ఒకే బీరు, మూడు వయసులు

బెల్జియం ఆగ్నేయ మూలన, ఫ్రాన్స్ సరిహద్దుకు కూతవేటు దూరంలో ఓర్వాల్ అనే క్రైస్తవ మఠం ఉంది. మఠం ప్రాకారం లోపలే తయారయ్యే బీరు పేరు కూడా ఓర్వాలే. సీసా చీటీ మీద రెండు తేదీలుంటాయి. ఒకటి సీసాలో నింపిన రోజు, రెండోది ఎప్పటిలోగా తాగాలో చెప్పేది. రెండింటికీ మధ్య ఐదేళ్లు. ఈ బీరు తెలిసినవాళ్లు రెండో తేదీ జోలికి పోరు. సీసా చేతికి రాగానే తిప్పి మొదటి తేదీ చూస్తారు, మనసులో నెలలు లెక్కపెట్టుకుంటారు.

బీరు కంపెనీలు మామూలుగా నానా తంటాలూ పడేది ఇందుకు సరిగ్గా వ్యతిరేకమైన పని కోసం. జనవరిలో తాగిన సీసాకూ డిసెంబరులో తాగిన సీసాకూ తేడా తెలియకూడదు, ఊరు మారినా రుచి మారకూడదు. ఓర్వాల్ మాత్రం నెలనెలా మారుతుంది. మారుతుందని తెలిసే అమ్ముతారు. బెల్జియంలో కొన్ని కెఫేల్లో కొత్తది పోయాలా, పాతది పోయాలా అని అడిగి మరీ తెస్తారు. ఈ మార్పంతా రెండింటి వల్ల. ఒకటి హాప్స్ పూల వాసన. సీసా మూత పడ్డ రోజు నుంచీ అది తరుగుతూ పోతుంది. రెండోది బ్రెటనోమైసిస్ అనే అడవి ఈస్టు. దాని పనితనం అదే రోజు నుంచీ పెరుగుతూ పోతుంది. ఒకటి దిగుతూ, ఒకటి ఎక్కుతూ దారిలో ఎక్కడో ఎదురుపడతాయి. అది ఎక్కడన్న దాని మీద తాగేవాళ్లలో ఏకాభిప్రాయం లేదు. ఉండదు కూడా.

మఠం పాతదే. 1070లో ఇటలీ దక్షిణ కొస నుంచి వచ్చిన సన్యాసులు మొదట ఇక్కడ స్థిరపడ్డారు, 1132లో సిస్టర్షియన్ శాఖ సన్యాసులు వచ్చారు. ఫ్రెంచి విప్లవ సైన్యాలు 1793లో మొత్తం తగలబెట్టాయి. ఆ తర్వాత నూట ముప్పై ఏళ్లకు పైగా అక్కడున్నవి మొండిగోడలే. 1926లో పునర్నిర్మాణం తలపెట్టారు. వాస్తుశిల్పి హెన్రీ వాస్ పెద్ద చేతితోనే గీశాడు. దానికి డబ్బెక్కడిది? 1931లో బీరు కార్ఖానా పెట్టారు, మరుసటి ఏడాది బీరు బజారులోకి వచ్చింది. కనుక సన్యాసుల బీరంటే వెయ్యేళ్ల రహస్యమేదో ఉంటుందని ఊహించుకునేవాళ్లకు కొంచెం నిరాశే. ఇది 1930ల నాటి వంటకం, పైగా వండినవాళ్లు సన్యాసులు కారు. మొదటి బ్రూయరు పాపెన్‌హైమర్ జర్మన్. ఇంకొకాయన, జాన్ వాన్‌హ్యూల్, ఇంగ్లండులో ఉండి వచ్చిన బెల్జియన్. చల్లారిన బీరులో హాప్స్ పూలు నానబెట్టే ఇంగ్లీషు పద్ధతి అలా ఈ లోయలోకి దిగింది. చీటీ మీద ఉంగరం నోట కరుచుకున్న చేప వెనక ఒక కౌంటెస్ కథ ఉంది. కథ బాగానే ఉంటుంది గాని రుచితో దానికి పనిలేదు.

హాప్స్ అనేది తీగ మొక్క, గంజాయి మొక్కకు దగ్గరి చుట్టం. బీరులో వాడేది దాని ఆడపూల గుత్తుల్ని. రేకుల మొదట్లో పసుపు పుప్పొడిలా కనిపించే జిగట రేణువుల్లో మనకు కావలసినవి రెండూ ఉంటాయి: చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లాలు, వాసననిచ్చే తైలాలు. చిక్కేమిటంటే, ఈ రెండింటినీ ఒకే పద్ధతిలో రాబట్టలేం. ఆల్ఫా ఆమ్లాలు నీళ్లలో సరిగా కరగవు. మాల్టు, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, కషాయంలో వేసి గంటసేపు మరిగిస్తే వాటి అణువుల అమరిక మారి, కరిగే చేదు పదార్థాలవుతాయి. అదే గంటలో తైలాలన్నీ ఆవిరితో లేచిపోతాయి. చేదు కావాలంటే మంట పెట్టాలి, వాసన కావాలంటే మంట తగలనివ్వకూడదు. అందుకే ఓర్వాల్‌లో పూలు రెండుసార్లు పడతాయి. మొదటిసారి మరిగే కషాయంలో. రెండోసారి, ఏల్ రకం బీరు చేసే మామూలు ఈస్టు తన పని ముగించిన తర్వాత, సుమారు 15 డిగ్రీల చల్లదనంలో విశ్రాంతి తీసుకుంటున్న బీరులో. రెండు మూడు వారాలు అలా నానుతాయి.

ఇక్కడివరకు చెప్పుకున్నది మంచి చేదుగల బెల్జియన్ ఏల్. దాన్ని ఓర్వాల్‌గా మార్చేది సీసాలు నింపేటప్పుడు చేసే పని. కొంచెం చక్కెర, కొంచెం తాజా ఈస్టు, వాటితోపాటు బ్రెటనోమైసిస్ కలిపి మూత బిగిస్తారు. కొన్ని వారాలు గిడ్డంగిలో ఉంచి బయటికి పంపుతారు. ఆ తర్వాత జరిగేదంతా కార్ఖానా చేతిలో లేదు. కొన్నవాడి అలమరాలో జరుగుతుంది.

బ్రెటనోమైసిస్‌ను కనిపెట్టిన చోటు తమాషా అయినది. కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో 1883లో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే ఒక్క కణం నుంచి శుద్ధమైన ఈస్టును పెంచే పద్ధతి సాధించాడు. బీరు పాడవడానికి కారణం అందులో చొరబడే అడవి ఈస్టులేనని ఆయన వాదన. ప్రపంచమంతా ఆ మాట విన్నది, బీరు శుభ్రపడింది. ఇరవై ఏళ్ల తర్వాత అదే కార్ల్స్‌బర్గ్‌లో పనిచేసిన నీల్స్ యెల్టె క్లాసెన్ ఇంకో ప్రశ్న వేశాడు. ఇంగ్లండులో ఏడాదికి పైగా చెక్క పీపాల్లో నిలవబెట్టే స్టాక్ బీర్లకు ఒక ప్రత్యేకమైన వాసన ఉండేది. శుద్ధమైన ఈస్టుతో చేస్తే ఆ వాసన రావడం లేదు. ఎందుకు? పీపాల్లో రెండో ఈస్టు ఒకటి నిదానంగా పనిచేస్తున్నదని క్లాసెన్ తేల్చాడు. 1903లో దాని వాడకానికి బ్రిటిష్ పేటెంటు కోరాడు. 1904లో లండన్ బ్రూయర్ల ముందు దాన్ని పరిచయం చేశాడు. బ్రిటిష్ బీరులో దొరికింది కనుక బ్రెటనోమైసిస్ అన్నాడు. 1921లో కుఫెరాత్, వాన్ లేర్ అనే ఇద్దరు బ్రసెల్స్ దగ్గరి లాంబిక్ బీరులో దీని దగ్గరి బంధువును పట్టుకున్నారు. బ్రెటనోమైసిస్ బ్రూక్సెలెన్సిస్ అంటున్నది దాన్నే. ప్రేమగా పిలిచేవాళ్లకూ కోపంగా పిలిచేవాళ్లకూ కూడా అది ఉత్త బ్రెట్.

అడవి ఈస్టు అన్నాం గాని, ఎంత అడవి? మన ఊళ్లలో తాటి గెల కోసి లొట్టి కట్టినప్పుడు ఎవరూ ఈస్టు కొలిచి వేయరు. గెల మీద, కీటకాల కాళ్ల మీద, నిన్నటి లొట్టి గోడల్లో దాగినవన్నీ గుంపుగా దిగుతాయి. అందులో ఈస్టు ఉంటుంది, లాక్టిక్ బాక్టీరియా ఉంటుంది, వినెగర్ చేసే బాక్టీరియా ఉంటుంది. పొద్దున తియ్యగా దిగిన కల్లు సాయంత్రానికి పుల్లబడేది ఆ గుంపు వల్లనే. లాంబిక్ కూడా ఆ తెగదే. వేడి కషాయాన్ని రాత్రంతా వెడల్పాటి రాగి తొట్టిలో తెరిచి ఉంచి, వచ్చినవాటిని రానిస్తారు. ఓర్వాల్‌లో అలాంటి ఆహ్వానం ఎవరికీ లేదు. ప్రయోగశాలలో పెంచిన బ్రెట్‌ను ఒంటరిగా, కొలత ప్రకారం లోపలికి పంపుతారు. పుట్టుక అడవిలో, ఉద్యోగం మాత్రం నెలజీతం మీద.

ఇక రుచి చూద్దాం. మూడు సీసాలు కావాలి: నింపి రెండు నెలలు దాటనిది, ఆరేడు నెలలది, ఏడాదిన్నర పైబడినది. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పోస్తే మూడూ ఒకటిగానే ఉంటాయి. చలికి వాసన అణువులు బీరులోనే ముడుచుకుని కూర్చుంటాయి. 10 నుంచి 14 డిగ్రీల మధ్య బాగుంటుంది. గ్లాసు కొద్దిగా వంచి నిదానంగా పోయాలి. మడ్డి ఉన్న చివరి గుక్కెడు సీసాలోనే వదిలేయాలి. వాసన చూడటం అంటే గ్లాసు మీద ముక్కు పెట్టడం ఒక్కటే కాదు. మింగిన తర్వాత నోరు మూసి ముక్కుతో గాలి వదిలితే, గొంతు వెనక నుంచి ఆవిరి పైకి వెళ్లి ముక్కు పైభాగంలోని గ్రాహకాలను తాకుతుంది. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం అక్కడ తేలుతుంది. నాలుకకు తెలిసేది తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి, అంతే. ఒక్కో సీసా నుంచి రెండు మూడు గుక్కలు చాలు. మూడూ ఖాళీ చేసినవాడి తీర్పును నమ్మకండి.

కొత్త సీసా. రంగు నారింజ కలిసిన రాగి. ముక్కుకు ముందు తగిలేది పూలు, నారింజ తొక్క, కాస్త పచ్చగడ్డి. హాప్స్ తైలంలో లినలూల్ అనే అణువు ఉంది. మన ధనియాల వాసనలో పెద్ద వాటా దానిదే. ఆ ఆనవాలు పట్టుకుంటే హాప్స్ వాసన అపరిచితంగా అనిపించదు. నోట్లో మాల్టు తియ్యదనం ఛాయామాత్రంగా ఉంటుంది, వెంటనే గట్టి చేదు. ఇంకొంచెం వెతికితే లవంగం లాంటిది దొరుకుతుంది. బార్లీ గింజ పొట్టులో ఫెరూలిక్ ఆమ్లం ఉంటుంది. చాలా బెల్జియన్ ఏల్ ఈస్టులు దాని నుంచి కార్బన్ డయాక్సైడ్ ముక్కను తెంపేసి వినైల్ గ్వయకాల్ అనే పదార్థంగా మారుస్తాయి. లవంగంలోని యూజెనాల్‌కు ఇది అణు నిర్మాణంలో అన్నదమ్ముల వరస. లాగర్ ఈస్టుకు ఈ విద్య రాదు కనుక మామూలు లాగర్ బీరులో ఈ వాసన కనబడదు. బ్రెట్ జాడ ఇంకా లేదు. ఉన్నా, తెలిసినవాడు ఊహించుకుంటున్నాడేమో అనుకోవాల్సినంత.

ఆరేడు నెలల సీసా మూత తీసేటప్పుడే తేడా తెలుస్తుంది. నురగ ఎగదన్నుతుంది. కారణం ఆకలి. మామూలు ఈస్టు చిన్న చక్కెరలను తిని, మూడు గ్లూకోజు ముక్కలకు మించిన గొలుసులను, అంటే డెక్స్‌ట్రిన్లను, వదిలేస్తుంది. మామూలు బీరుకు నోట్లో నిండుదనం వచ్చేది వీటివల్లే. బ్రెట్‌కు ఆ గొలుసులను కోసే ఎంజైములున్నాయి. నెలల తరబడి ఒక్కొక్కటే తెంచుకు తింటుంది. హాప్స్ పూలు కూడా దీనికి సాయం చేస్తాయి. పచ్చి పూలలో పిండిగొలుసులను విరిచే ఎంజైములు కాసిని ఉంటాయని బ్రౌన్, మారిస్ అనే ఇంగ్లీషు రసాయనికులు 1893లోనే రాశారు. లీటరు బీరులో నాలుగు గ్రాముల చక్కెర అదనంగా పులిస్తే సుమారు రెండు గ్రాముల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. బయటికి వదిలితే అది లీటరు జాగా నింపే వాయువు. ఓర్వాల్ సీసా అంత మందంగా, బౌలింగ్ పిన్ను ఆకారంలో ఎందుకుందంటే అందం ఒక్కటే కారణం అనుకోలేం. చీటీ మీద ఆల్కహాలు 6.2 శాతం అని ఉన్నా, పాతబడ్డ సీసాలో అది ఏడుకు దగ్గరపడుతుంది.

వాసనలో పూలు ఇంకా ఉన్నాయి, కానీ వెనక్కి తగ్గాయి. వాటి పక్కన కొత్తగా తోలు, ఎండుగడ్డి, కొంచెం పొగ. మొహమాటం లేనివాళ్లు గుర్రపుశాల అంటారు. ఇది కవిత్వం కాదు, రసాయనం. ఏల్ ఈస్టు వినైల్ గ్వయకాల్ లాంటి వినైల్ ఫినాల్స్ దగ్గర ఆగిపోయింది గదా. బ్రెట్ ఇంకో అడుగు వేసి వాటికి హైడ్రోజన్ అందిస్తుంది. అవి ఇథైల్ ఫినాల్స్ అవుతాయి. పశువుల మూత్రంలోనూ ఈ జాతి ఫినాల్స్ ఉంటాయి, కనుక ముక్కు పొరబడటం లేదు. ఈ పని బ్రెట్ మన కోసం చేయదు. 1940లో కస్టర్స్ అనే డచ్ శాస్త్రజ్ఞుడు దీనిలో ఒక వింత గమనించాడు. ఇతర ఈస్టులు గాలి లేనప్పుడు చురుకుగా పులియబెడితే, ఇది గాలి అందకపోతే మొరాయిస్తుంది. గాలి అందగానే ఆల్కహాలుతోపాటు వినెగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం కూడా చేస్తుంది. గాలి కరువైనప్పుడు దాని కణంలో హైడ్రోజన్ మోసే సహ ఎంజైము అణువులు బరువు దించుకునే చోటు లేక నిలిచిపోతాయి. వినైల్ ఫినాల్ ఆ బరువు దింపుకునే రేవు కావచ్చని జీవరసాయనికుల వివరణల్లో ఒకటి. ఆ లెక్కన మూత బిగించిన సీసాలో గుర్రపుశాల వాసన ఒక ఉక్కిరిబిక్కిరి తాలూకు అవశేషం.

ద్రాక్షసారా లోకంలో ఈ ఇథైల్ ఫినాల్సే నేరస్థులు. బోర్డోలో పాస్కల్ షాటోనే బృందం 1990ల మొదట్లో రెడ్ వైన్‌లోని ఈ వాసన మూలం బ్రెట్ అని నిర్ధారించింది. రెండు ఇథైల్ ఫినాల్స్ కలిసి లీటరుకు 400 మైక్రోగ్రాములు దాటితే మనిషి ముక్కు పసిగడుతుందని లెక్కకట్టింది. అప్పటినుంచి వైన్ తయారీదారులు బ్రెట్ అంటే పీపాలు తగలబెట్టేదాకా పోతారు. బీరులో మాత్రం అదే వాసనకు డబ్బిచ్చి కొంటాం. రెండు నాల్కల ధోరణిలా ఉంటుంది గాని, నాకు ఇందులో అన్యాయమేమీ కనిపించదు. వైన్‌లో పండు వాసన సున్నితమైనది, ఈ ఫినాల్స్ దాన్ని కప్పేస్తాయి. ఓర్వాల్‌లో ఎదురుగా నిలబడి ఉన్నది హాప్స్ చేదు. అంత తేలిగ్గా లొంగేది కాదు. నన్నడిగితే ఈ బీరు తాగవలసింది ఈ వయసులోనే: పూలూ తోలూ రెండూ ఒకే గుక్కలో, ఏది ముందో తేల్చుకోలేనట్టు ఉన్నప్పుడు.

ఏడాదిన్నర దాటిన సీసాలో పూలు లేవు. కొన్ని తైలాలు ఆక్సిజన్‌తో కలిసి మారిపోయాయి. మిర్సీన్ లాంటివాటిని మూత లోపలి ప్లాస్టిక్ పొర పీల్చేసుకుంది; మూతలకు కూడా ముక్కుందేమో. చేదు కూడా మెత్తబడింది. చేదు పదార్థాల్లో రెండు ఆకారాలుంటే, ఒకటి త్వరగా విరిగిపోతుంది, రెండోది నిలుస్తుంది. నోట్లో తియ్యదనం ఆనవాలుకైనా లేదు. బీరు నాలుక మీద నుంచి జారి, ఎండు గడ్డిపరక నమిలినట్టు పొడిగా ముగుస్తుంది. పండ్ల వాసన అణువుల్లో కొన్నిటిని, ముఖ్యంగా అరటిపండు వాసననిచ్చే ఎస్టరును, బ్రెట్ ఎంజైములు విరగ్గొట్టేస్తాయి. కొన్ని కొత్త ఎస్టర్లను పుట్టిస్తాయి కూడా. అక్కడక్కడా చీజ్ ఛాయ తగిలితే అది ఐసోవాలెరిక్ ఆమ్లం. దాన్ని బ్రెట్ కూడా చేస్తుంది, పాతబడ్డ హాప్స్ కూడా చేస్తాయి. ఈ గ్లాసులో ఎవరి వాటా ఎంతో ముక్కు చెప్పలేదు.

అడవి ఈస్టు అనగానే పుల్లగా ఉంటుందని ఎదురుచూసినవాళ్లు ఈ మూడో సీసాతో తికమకపడతారు. ఎంత పాతబడినా ఓర్వాల్ కల్లులా పుల్లబడదు. లాంబిక్‌లోనూ కల్లులోనూ పులుపు ప్రధానంగా బాక్టీరియా పని. హాప్స్ చేదు పదార్థాలు లాక్టిక్ ఆమ్లం చేసే బాక్టీరియా కణపొరలో దూరి, వాటిని ఎదగనివ్వవు. ఈస్టు జాతికి మాత్రం వాటివల్ల ఏ ఇబ్బందీ లేదు. ఈ బీరులో హాప్స్ ఎక్కువ, కనుక బ్రెట్‌కు పోటీదారులు లేరు. గాలి కూడా లేనట్టే, కనుక బ్రెట్ స్వయంగా చేయగల ఎసిటిక్ ఆమ్లమూ అంతగా ఉండదు. బాగా హాప్స్ పట్టించిన బీరులో బ్రెట్‌ను పెంచడం, ఒక రకంగా, దాన్ని ఒంటరిగా పరిశీలించే పద్ధతి. దాని సొంత గొంతు ఎలా ఉంటుందో లాంబిక్ కోరస్‌లో వినడం కష్టం. అంతేకాదు, సీసాలో మిగిలిన కాసింత ఆక్సిజన్‌ను బతికున్న ఈస్టులు తినేయడం వల్ల హాప్స్ వాసన ఇంకొన్నాళ్లు నిలుస్తుంది. తరిగేదానికి పెరిగేదే కాపలా కాస్తున్నదన్నమాట.

ఒకే సీసాలో పక్కపక్కన ఉండే బ్రెట్, మామూలు ఏల్ ఈస్టు రెండూ ఆల్కహాలు చేస్తాయి, రెండూ దాన్ని తట్టుకుంటాయి, రెండూ చక్కెర దండిగా ఉంటే గాలి ఉన్నా ఆల్కహాలుకే మొగ్గుతాయి. చూసినవాళ్లకు కవలల్లా ఉంటాయి. జన్యువులు పరిశీలిస్తే వాటి వంశాలు విడిపోయి సుమారు ఇరవై కోట్ల ఏళ్లు దాటింది. ఈ విద్యను రెండూ విడివిడిగా నేర్చుకున్నాయి. పండు రాలిన చోట తీపి కోసం కొట్లాడుకునే సూక్ష్మజీవుల్లో, ఎదుటివాళ్లకు విషమైనదాన్ని ముందుగా తయారుచేసి, తర్వాత తీరిగ్గా తామే తినే ఎత్తు రెండు కుటుంబాలకు విడివిడిగా తట్టింది.

సీసాలో వదిలేసిన మడ్డి సంగతి మిగిలింది. కొత్త సీసా మడ్డిలో రెండు ఈస్టులూ బతికే ఉంటాయి. పాతదాంట్లో ఏల్ ఈస్టు చాలావరకు చచ్చి, దాని కణాల నుంచి కారిన పోషకాల మీద బ్రెట్ కాలం వెళ్లదీస్తుంటుంది. ఇంట్లో బీరు కాచుకునే అలవాటున్న దేశాల్లో చాలామంది మరగబెట్టి చల్లార్చిన పలచని మాల్టు నీళ్లలో ఆ మడ్డిని పోసి, దానితో సొంత బీరు మొదలుపెడతారు. మొదటి కొన్ని రోజులు ఏమీ కాదు. వారం రెండు వారాలకు బుడగలు, ఆ పైన గాలి తగిలే చోట పలచని తెల్లని పొర కడుతుంది. పొర వచ్చిందని కంగారుపడి పారబోయనక్కరలేదు. గాలి జాగా మాత్రం ఎక్కువ ఉంచకూడదు. పాత్రను మెడదాకా నింపి బిగించాలి, లేకపోతే నెల తిరిగేసరికి వినెగర్ తయారవుతుంది.